నర్సింలు సేటు దుకాణంలో ‘బాగుంది’ అనకూడదు

మొన్న ఆటో కోసం నిలబడ్డ చోట పక్కనే ఒక పంక్చరు దుకాణం ఉంది. దుకాణదారు సైకిలు ట్యూబును గరుకు కాగితంతో గీకి, సొల్యూషన్ రాసి, ఆరడానికి నోటితో ఊదుతున్నాడు. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే నా చెవుల్లో గిటార్లు మోగాయి. రెండు ఆటోలు వచ్చి వెళ్లిపోయినా నేను కదలలేదు. మనుషులకు మల్లెల వాసనకో, కాఫీ వాసనకో ఆత్మీయులు గుర్తొస్తారంటారు. నాకేమో రబ్బరు వాసనకు మా నర్సింలు సేటు గుర్తొస్తాడు. నేను నలభై ఏళ్లుగా ఈ నగరంలో పాటలు రికార్డు చేసి బతుకుతున్నదాన్ని. నా చెవి గట్టిదని పదిమందీ అంటారు. ఆ చెవిని తయారుచేసిన మనిషికి ఇంగ్లీషు అక్షరం ముక్క రాదనీ, ఆయన రికార్డులు వినిపించే మిషను మూడేళ్లపాటు తప్పు వేగంతో తిరిగిందనీ చెబితే మాత్రం నవ్వుతారు. నవ్వుకోనివ్వండి, నేను చెప్పి తీరతాను.

పాతబస్తీలో పత్తర్‌గట్టి వెనక గల్లీలో ఆయన అన్నదమ్ములకు తాతల నాటి బట్టల టోకు దుకాణం ఉండేది. ఆ దుకాణం మెట్ల కింద, మనిషి తల వంచి దూరాల్సిన అర ఒకటి నర్సింలు సేటు వాటాకు వచ్చింది. బట్టల వ్యాపారం ఆయనకు అబ్బలేదు. ఖాళీ అవుతున్న బంగళాల నుంచి, సామాను అమ్ముకుని వెళ్లిపోయే పరదేశీల నుంచి పాత రికార్డులు కొనుక్కొచ్చి అమ్మేవాడు. తెల్ల ధోవతి, నల్ల టోపీ, చెవి వెనక పెన్సిలు. ఎవరితోనూ బేరమాడేవాడు కాదు కానీ ఎవరితోనైనా పోట్లాడేవాడు. వాళ్లన్న ఆ మెట్లు దిగేటప్పుడల్లా, “మా తమ్ముడు లొల్లి అమ్ముతడు, నేను మల్లు బట్ట అమ్ముత” అనేవాడు. సేటు తలెత్తి చూసేవాడు కూడా కాదు.

నేను మొదటిసారి వెళ్లింది ప్రార్థన పాటల రికార్డు కోసం. మాది కార్వాన్. నాన్న ప్రభుత్వ కార్ఖానాలో ఫిట్టరు. మా చర్చిలో పాడే బృందానికి నేర్చుకోవడానికి ఒక పాత రికార్డు కావాలని పాస్టరు గారు అడిగితే, ఆ పని నా మీద పడింది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, ఒక కార్యాలయంలో తాత్కాలిక టైపిస్టును. సేటు అట్టల దొంతరలో వెతికి, కోసుగా ఆకాశంలోకి లేచిన గోపురం బొమ్మ ఉన్న ఒకదాన్ని తీసి, “ఇగో, మీ ప్రార్థన పాటలే” అని చేతిలో పెట్టాడు. అట్ట మీది ఇంగ్లీషు చదవగలిగి కూడా నేను చదవలేదు. గోపురాన్ని నమ్మాను. ఆదివారం అందరూ కళ్లు మూసుకుని కూర్చున్నాక పాస్టరు గారు ముల్లు దించారు. లోపలినుంచి నాలుగు గిటార్లు ఒకేసారి మీదపడ్డాయి. పెద్దవాళ్లు కొందరు దేవుడా అన్నారు, అది మాత్రం నిజమైన ప్రార్థనే. పాస్టరు గారు ముల్లు ఎత్తేలోపు మహా అయితే పది క్షణాలు మోగిందేమో. ఆ పది క్షణాలూ నన్ను వదల్లేదు.

మర్నాడు రికార్డు వాపసు ఇవ్వడానికే వెళ్లాను. మెట్ల దగ్గర నిలబడి నోటికొచ్చినట్టు అరిచాను. సేటు అంతా విని, అట్టను తిప్పి చూసి, “గోపురం ఉంటే గుడి పాటలే అనుకున్న బిడ్డా. తప్పైంది” అన్నాడు. ఆ తర్వాత తన మిషను మీద అదే రికార్డు పెట్టాడు. ఒకవైపు మొత్తం విన్నాక ఎట్లా ఉంది అని అడిగాడు.

“బాగుంది” అన్నాను.

ఆయన ముఖం మాడిపోయింది. వీధివైపు వేలు చూపించాడు. “బైటికి పో.”

“ఎందుకు? నేనేం తప్పు మాట్లాడిన?”

“బిర్యానీ బాగుంటది, చీర బాగుంటది, బాగుంది అంటే నాకేం సమజైతది? ఈడికెళ్లి పది నిమిషాల నడకల మస్తు సప్పుళ్లు ఉంటయ్. ఈ పాటల ఉన్న సప్పుడు ఒకటి పట్కొని రా. అప్పుడు మాట్లాడుదం.”

పిచ్చివాడనుకున్నాను. అయినా వెళ్లాను, ఎందుకంటే నా మొండితనం ఆయన మొండితనానికి తీసిపోయేది కాదు. గల్లీ చివర వెండి రేకు కొట్టేవాళ్లు కూర్చుని ఉన్నారు. మిఠాయిల మీద అద్దే వరఖ్‌ను తోలు పుస్తకంలో పెట్టి, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా సుత్తెలు వేస్తున్నారు. ఒకరి దెబ్బ లేచేలోపు ఇంకొకరి దెబ్బ పడుతోంది. ఎప్పుడూ రెండూ కలవవు, ఎప్పుడూ మధ్యలో ఖాళీ ఉండదు. అక్కడే నిలబడిపోయాను. తిరిగొచ్చి, “కాకా, దీంట్ల డోలు కొట్టేటోడు ఒక్కడే, కానీ వరఖ్ కొట్టేటోళ్లు ఇద్దరి లెక్క కొడుతున్నడు” అని చెప్పాను. సేటు చెవి వెనక పెన్సిలు తీసి అట్ట వెనక తెలుగులో ‘వరఖోళ్లు’ అని రాశాడు. ఆ పరదేశీ బృందానికి మా గల్లీలో అదే పేరు స్థిరపడింది. అట్టలు చదవడం రాదు కనుక ఆయన అన్ని బృందాలకూ ఇలాగే పేర్లు పెట్టుకునేవాడని నాకు ఆ రోజే తెలిసింది.

అలా ప్రతి శనివారం మధ్యాహ్నం ఆఫీసు వదలగానే అక్కడికే. మా ఇంట్లో మిషను లేదు కాబట్టి నేను కొన్న రికార్డులు కూడా ఆయన అరలోనే ఉండేవి. అవి సినిమా పాటల్లాంటివి కావు. ఎనభైల మొదట్లో ఎక్కడెక్కడి కాలేజీ పిల్లలో గరాజుల్లో చేరి, పెద్ద కంపెనీల మెరుగులు వద్దని వాయించుకున్న పాటలు. వాటిని ఆల్టర్నేటివ్ రాక్ అంటారని నేను చాలా ఏళ్లకు చదివాను. మాకు మాత్రం వరఖోళ్లు, గాజులోళ్లు, గిర్నోళ్లు, అంతే. గాజులోళ్ల గిటారు తీగలు లాడ్‌బజారులో గాజుల దండ దులిపినట్టు మోగేవి. గిర్నోళ్లది పిండి ఆడించే గిర్ని మోత. కింద ఎడతెగకుండా ఒక గుర్రుమనే నాదం, దాని మీద నింపాదిగా బరువుగా నడిచే పాట. సేటుకు గిర్నోళ్లంటే ప్రాణం. “గీ బరువు సూడు బిడ్డా. గాజులోళ్లు పదిమంది కల్సినా ఇంత బరువు మోస్తరా?” అనేవాడు.

ఎదురుగా సైకిలు దుకాణం ఖాదర్ భాయ్‌ది. ఆయనది గాజులోళ్ల పక్షం. చేతిలో పానా పట్టుకునే వచ్చి మెట్ల మీద కూర్చునేవాడు. “అరే సేటు, వో గిర్ని వాలే సో రహే హైఁ. నిద్రల వాయిస్తున్నరు. బరువు కాదది, బద్ధకం!” అని రెచ్చగొట్టేవాడు. ఇద్దరూ టోపీలు తీసి నేల మీద పెట్టి మరీ వాదించుకునేవాళ్లు. ఖాదర్ భాయ్ కూడా సేటు నియమం తప్పేవాడు కాదు. ఏ పాటనైనా ఆ చుట్టుపక్కల సప్పుడుతోనే పోల్చేవాడు. నేను ఏ కాలేజీలోనూ అంత మంచి వాదన వినలేదు.

ఒకసారి ఒక కాలేజీ విద్యార్థి గిర్నోళ్ల రికార్డు కొనుక్కుపోయి, వారం తర్వాత తిరిగొచ్చాడు. “సేటు గారు, ఇక్కడ విన్నట్టు లేదు. మా ఇంట్లో వేగంగా పోతోంది” అన్నాడు. సేటు మండిపడ్డాడు. “మీ మిషన్ ఉరుకుతున్నది. బాగు చేయించుకో పో.” ఖాదర్ భాయ్, నేను కూడా తలూపాం. సేటు మిషను తప్పుగా తిరుగుతుందన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. దానికో కారణముంది. ఆయన హిందీ, తెలుగు సినిమా రికార్డులు కూడా అమ్మేవాడు కానీ వాటిని ఎప్పుడూ వేసి వినిపించేవాడు కాదు. “అందరికీ ఎర్కున్న పాట వినిపించుడెందుకు? ముల్లు అరుగుడు తప్ప” అనేవాడు. మాకు ముందే బాగా తెలిసిన పాట ఒక్కటంటే ఒక్కటి ఆ మిషను మీద తిరిగి ఉంటే ఆనాడే బండారం బయటపడేది. తెలియని పాటలే తిరిగాయి, కాబట్టి అది తిప్పిందే మాకు వేదం.

రెండేళ్లు గడిచాయి. నగరంలో కొత్తగా ఒక రికార్డింగు స్టూడియో తెరిచారు. రికార్డుల నుంచి క్యాసెట్లు తీసే విభాగానికి సహాయకులు ఒకరు కావాలని పేపర్లో వేశారు. డిప్లొమా ఉంటే మంచిది, లేకున్నా చెవి పరీక్ష ఉంటుంది అని రాశారు. ఆ ప్రకటనను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. నా టైపిస్టు పని ఆ నెలాఖరుకు ముగిసిపోతోంది. నాన్న తన కార్ఖానాలో నాకోసం ప్యాకింగు పని మాట్లాడి ఉంచాడు. అది చెడ్డ పనేం కాదు, మా బస్తీలో చాలామంది ఆడవాళ్లు చేసేదే. కానీ ఆ షెడ్డులో రేకుల మోత తప్ప ఇంకేమీ వినపడదు. అందులో చేరితే నా చెవులు అక్కడితో సరి అని నాకు తెలుసు. ఈ ఒక్కటీ దొరకాలి, అంతే.

పరీక్షకు ముగ్గురం మిగిలాం. మిగతా ఇద్దరూ డిప్లొమా చేసినవాళ్లు. స్టూడియో పెద్ద విశ్వనాథం గారు, సన్నటి మనిషి, మెత్తటి మాట. “ఎవరికీ తెలియని పాట వేస్తాను. ముందు రికార్డు, తర్వాత దాన్నుంచి తీసిన క్యాసెట్టు. తేడా చెప్పండి” అన్నారు. పాట మొదలైంది. ఎవరికీ తెలియని పాట అట! అది మా గిర్నోళ్లది. నేను వందసార్లు విన్నది. నా వంతు రాగానే, క్యాసెట్టులో తాళాల మెరుపు తగ్గిందనీ, గాజుల బుట్ట మీద దుప్పటి కప్పినట్టుందనీ చెప్పాను. విశ్వనాథం గారు కళ్లజోడు తీసి నా వైపు చూశారు. అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. మూసుకోలేదు.

“సర్, మీ మిషన్ ఉరుకుతోంది. ఈ పాట ఇంత వేగంగా ఉండదు” అన్నాను.

విశ్వనాథం గారు బల్ల సొరుగులోంచి గుండ్రటి అట్టముక్క ఒకటి తీశారు. దాని అంచు చుట్టూ నల్లగీతలున్నాయి. దాన్ని తిరిగే పళ్లెం మీద పెట్టి ట్యూబులైటు వెలుగులో చూస్తే, వేగం సరిగ్గా ఉన్నప్పుడు ఆ గీతలు కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తాయట. ఎక్కువైతే ముందుకు, తక్కువైతే వెనక్కి పాకుతాయట. నేను వంగి చూశాను. గీతలు నిలబడి ఉన్నాయి. డిప్లొమా వాళ్లిద్దరూ ముసిముసిగా నవ్వుకున్నారు. “చెవి మంచిదే అమ్మాయీ, నోటికే తొందరెక్కువ. ముగ్గురూ రేపు పదింటికి రండి, ఉద్యోగం ఎవరిదో చెబుతాను” అన్నారు విశ్వనాథం గారు.

బస్సులో ఏడవలేదు. సేటు దుకాణం మెట్ల దగ్గరికి వచ్చాకే ఏడుపొచ్చింది, అదీ కోపంతో. గీతల అట్ట సంగతీ, రేపు పదింటికి రమ్మన్న సంగతీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. “కాకా, ఉరుకుతున్నది ఆళ్ల మిషన్ కాదు. ఈడ్సుకుంట నడుస్తున్నది నీది! గిర్నోళ్లకు బరువు లేదు, గాడిద గుడ్డు లేదు. రెండేండ్లు నాకు తప్పు పాటలు వినిపించినవ్. అందరి ముందట నా పరువు తీసినవ్” అని అరిచాను. ఖాదర్ భాయ్ పానా కింద పెట్టి లేచి వచ్చాడు.

సేటు మిషను మూత ఎత్తి, పళ్లెం కింద మోటారుకు చుట్టిన బెల్టు మీద బొటనవేలు ఆనించాడు. అది జారుతోంది. అసలు బెల్టు మూడేళ్ల కింద తెగిపోతే, ఖాదర్ భాయ్ దుకాణంలో సైకిలు ట్యూబు కోసి, సొల్యూషన్‌తో అతికించుకున్న పట్టీ అది. ఎక్కించిన రోజు నుంచీ వదులే. “ఆ కాలేజ్ పిలగాన్ని తిట్టి ఎల్లగొట్టిన” అన్నాడు వేలు తీయకుండానే. “సప్పుడు సరిగ సూడుమని అందర్నీ బైటికి తోలిన. నేను మాత్రం మూత లేపి సూడలే.” ఆయన ముఖం చూస్తే నా కోపం సగం దిగిపోయింది. తర్వాత మెల్లగా, “నీకెట్ల తెల్సింది?” అని అడిగాడు.

“తెల్సుడేంది, ఇనంగనే తేడా కొట్టింది.”

“అట్టలు లేకుంట? గీతలు లేకుంట?”

“హౌ.”

“మరి తప్పెక్కడ జెప్పినవ్ బిడ్డా? తేడా జెప్పినవ్. తేడా ఉన్నది. ఏ మిషన్ తప్పో జెప్పుట్లనే తప్పినవ్, ఆ తప్పు నాది.” మూత దించాడు. “ఫికర్ జెయ్యకు. రేపు పదింటికి నేనొస్త.”

సేటు నయాపూల్ వంతెన దాటి పాతబస్తీ బయటికి వెళ్లడం నాకు తెలిసి అదే మొదలు. మర్నాడు పదింటికి స్టూడియో ముందు రిక్షా ఆగింది. మిషనును గోనెసంచిలో చుట్టి, చంటిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని దిగాడు. పెళ్లిళ్లకు వేసుకునే నల్లకోటు వేసుకున్నాడు. డిప్లొమా వాళ్లు అప్పటికే వచ్చి కూర్చున్నారు. సేటు ఎవరి వైపూ చూడకుండా విశ్వనాథం గారి బల్ల మీద మిషను దించి, టోపీ తీశాడు.

“సాబ్, పత్తర్‌గట్టిల పాత రికార్డులు అమ్మెటోన్ని నేను. నర్సింలు అంటరు. నిన్న ఈ పిల్ల మీ మిషన్ ఉరుకుతున్నది అన్నదట. అనుట్ల ఆమె తప్పు లేదు. ఆమె రెండేండ్లు ఇన్నది ఈ మిషన్ మీదనే. ఇది ఖరాబైంది, నాకు ఎరుక లేదు. ఒక్కసారి రెండూ ఇనుండ్రి. ఆమె చెవి తప్పైతే నా దుకాణం మూస్త.”

తన పరువును తానే గోనెసంచిలో తెచ్చి, పదిమంది ముందు విప్పి చూపించే మనిషిని నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. విశ్వనాథం గారు సేటు మిషను మీద అదే రికార్డు పెట్టించారు. బరువుగా, నింపాదిగా మా గిర్ని మోగింది. “ఎంత తక్కువో చెప్పగలవా?” అని నన్నడిగారు. మూలనున్న హార్మోనియం దగ్గరికి వెళ్లి, పాట ఆగే స్వరాన్ని వెతికి మెట్టు నొక్కాను. తర్వాత స్టూడియో మిషను మీద వేస్తే, సరిగ్గా దాని పై మెట్టు పలికింది. ఒక్క మెట్టు తేడా. డిప్లొమా వాళ్లలో ఒకతను ఇంకోసారి వేయమన్నాడు. ఇంకోసారీ అదే.

అప్పుడు సేటు జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. “ఇంకొకటి సూడుండ్రి సాబ్. బిడ్డా, గోడ దిక్కు తిరుగు.” నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆయన మోటారు బిగింపు వదులు చేసి, బెల్టు బిగిసేలా దాన్ని కొద్దికొద్దిగా వెనక్కి లాగుతున్నాడు. పాట పైకి లేస్తోంది. నా చెవిలో స్టూడియో మిషను మీద విన్న పాట ఉంది. కళ్లు మూసుకుని దాన్ని పట్టుకున్నాను. “ఇంకొంచెం కాకా... ఇంకొంచెం... ఎక్కువైంది, వెనక్కి... ఆగు!” ఆయన స్క్రూ బిగించాడు. విశ్వనాథం గారు తానే లేచి, గీతల అట్టను ఆ పళ్లెం మీద పెట్టి, వంగి చూశారు. డిప్లొమా వాళ్లిద్దరూ వంగారు. నేను గోడవైపే ఉన్నాను, తిరగడానికి ధైర్యం చాలలేదు.

“నిలబడ్డాయి” అన్నారు విశ్వనాథం గారు. “కదలట్లేదయ్యా!”

నిన్న నవ్వినవాళ్లే చప్పట్లు కొట్టారు. సేటు మాత్రం కొట్టలేదు. కోటు జేబులో చేతులు పెట్టుకుని, ఇందులో ఆశ్చర్యం ఏముంది అన్నట్టు నిలబడ్డాడు. ఉద్యోగం నాదేనని విశ్వనాథం గారు అక్కడికక్కడే చెప్పి, కాగితం టైపు చేయించి ఇచ్చారు. ఆ కాగితంలో రెండు తప్పులున్నాయని టైపిస్టునైన నాకు కనిపించింది. ఈసారి నోరు మూసుకున్నాను.

రిక్షాలో మిషను మధ్యలో, మేమిద్దరం చెరో పక్కన. గల్లీలోకి రాగానే ఖాదర్ భాయ్ ఎదురొచ్చాడు. సరిగ్గా తిరుగుతున్న మిషను మీద సేటు మొదట పెట్టింది గిర్నోళ్లనే. పాట చురుగ్గా, తేలిగ్గా ఉరికింది. ఖాదర్ భాయ్ నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూలబడ్డాడు. “యే గిర్ని నహీ సేటు, దర్జీ కీ మిషన్ హై!” సేటు ఒక నిమిషం విని, పెన్సిలు తీసి, అట్ట వెనక ‘గిర్నోళ్లు’ కొట్టేసి ‘కుట్టుమిషనోళ్లు’ అని రాశాడు. “నువ్వే గెల్సినవ్ ఖాదర్. గాజులోళ్లే బరువున్నోళ్లు” అని ఒప్పుకున్నాడు. మూడేళ్ల తగవు అలా తేలింది. ఆ తగవు పెట్టిన ట్యూబు కూడా ఖాదర్ భాయ్ దుకాణంలోదే అని నేను గుర్తుచేస్తే ఆయన ఇంకా నవ్వాడు. కొన్నాళ్లకు ఆ కాలేజీ విద్యార్థిని వెతికి పట్టుకుని, సేటు మాఫీ అడిగాడని కూడా విన్నాను.

ఆ ట్యూబు పట్టీ ఇప్పుడు నా బల్ల సొరుగులో, గీతల అట్ట పక్కన ఉంది. కొత్త బెల్టు వచ్చాక సేటే ఇచ్చాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ మెట్ల కింద ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నా దగ్గర పనిచేసేవాళ్లు ఫలానా చోట నుంచి వచ్చిన రికార్డింగు తేడాగా ఉందంటే, ముందు మన మిషను మూత లేపి చూడండి అంటాను. చాలాసార్లు మనది సరిగ్గానే ఉంటుంది. అయినా చూడకుండా ఒక్కరి మీదా నోరు జారను.

ఆ రోజు జరిగింది ఇంకొక్కటి చెప్పాలి. ఖాదర్ భాయ్ నవ్వు ఆగాక, సేటు గాజులోళ్ల రికార్డు పెట్టాడు. సరైన వేగంలో ఆ గాజులు మోగుతుంటే ఉద్యోగం కాగితం మడిచి సంచిలో పెట్టుకుని విన్నాను. “జెప్పు బిడ్డా, ఎట్లున్నది?” అని అడిగాడు సేటు. నా నోట ఇంకో మాట రాలేదు.

“బాగుంది కాకా” అన్నాను.

ఆయన కళ్లు తడిశాయి, కానీ వేలు మాత్రం వీధి వైపే చూపింది. “బైటికి పో. సప్పుడు పట్కొని రా.”

నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చాను. నలభై ఏళ్లయినా ఇంకా బయటే తిరుగుతున్నాను, ఇంకా సప్పుళ్లు పట్టుకొస్తున్నాను. మొన్న మూడో ఆటో ఎక్కేముందు కూడా, పంక్చరు దుకాణంలో వాల్వు తీయగానే ట్యూబులోంచి గాలి పోయిన సప్పుడు విని, అది ఏ పాటలో ఉందో ఇల్లు చేరేదాకా వెతుక్కున్నాను. దొరికింది. వరఖోళ్లది, గోపురం అట్టది, రెండో పాట మొదట్లో.